చెవి, ముక్కు, గొంతు ఆపదలు: వైద్యుని చేరులోపల

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేసిన ఉపన్యాసము)



కొండనాలుకకు మందు వేయగా ఉన్న నాలుక ఊడిపోయినదని తెలుగునాట ఒక సామెత కలదు. లోకులు దీనిని నవ్వుకొనుటకు వాడుదురు గాని, చెవి ముక్కు గొంతుల వైద్యులకు ఇది నవ్వులాట కాదు. వారి యొద్దకు వచ్చు ఆపదలలో పెక్కు రోగమువలన కొంతయు, ఇంటివారి చేతివలన కొంతయు ముదిరినట్టివి. గొంతులో ఇరికిన గింజకై వ్రేలు పెట్టి దానిని మరింత లోనికి త్రోసిన తల్లి, చెవిలో దూరిన శనగగింజపై నీరు పోసి దానిని ఉబ్బజేసిన తండ్రి, ముక్కునుండి నెత్తురు కారుచుండగా పిల్లవాని తల వెనుకకు వంచి ఆ నెత్తురును మ్రింగించిన మేనమామ, వీరిలో ఎవ్వరును ప్రేమ తక్కువైనవారు కారు. ఆ క్షణమున ఏమి చేయరాదో వారికి ఎవ్వరును చెప్పియుండలేదు. 1906లో స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి కాలమునుండియు ఇట్టి శాస్త్రవిషయములను తెలుగున చెప్పుట గ్రంథాలయోద్యమపు పనులలో ఒకటిగా ఉన్నది గనుక, ఈ సంగతులకు ఇది తగిన చోటే.

ఖమ్మము, మరిపెడల నడుమనున్న తిరుమలాయపాలెము వారికి చెవి ముక్కు గొంతుల నిపుణుడు కావలెనన్న ఖమ్మము పోవలెను. ఆపద పెద్దదైనచో వరంగల్లులోని మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రికో, హైదరాబాదు కోఠిలోని ప్రభుత్వ చెవి ముక్కు గొంతు ఆసుపత్రికో పోవలసివచ్చును. ఇల్లందు దాటి భద్రాచలము దిక్కున అడవిలోనున్న పల్లెలవారికి ఈ దూరము మరింత హెచ్చు. 2005లో ప్రారంభమైన 108 వాహనమువలన దారి కొంత దగ్గరయైనది. అయినను ఊపిరి పూర్తిగా ఆగిన మనిషికి మెదడు చెడకుండ ఉండు వ్యవధి నాలుగైదు నిమిషములు మాత్రమే. అంతలో ఏ వాహనమును రాజాలదు. కావున మొదటి చేయి వైద్యునిది కాదు, ప్రక్కనున్నవారిది.

అన్నిటికంటె ముందు చెప్పవలసినది పల్లీగింజను గూర్చి. చింతగింజ, సీతాఫలపు గింజ, మొక్కజొన్న గింజ, పెన్ను మూత, ఇవన్నియు దాని తోబుట్టువులే. మూడేండ్లలోపు బిడ్డకు కొరుకు పళ్ళు వచ్చును గాని నమలు దంతములు చక్కగా రావు. పల్లీని ముందు పళ్ళతో రెండుగా కొరికి, నవ్వుచునో ఏడ్చుచునో పరుగెత్తుచునో ఒక్కసారి గాలి పీల్చును. ఆ గాలితోపాటు గింజ అన్నవాహికకు బదులు వాయునాళమున దిగును.

అపుడు చూడవలసినది ఒక్కటే: బిడ్డ దగ్గుచున్నదా లేదా? గట్టిగా దగ్గుచున్నను, ఏడ్చుచున్నను, మాటాడుచున్నను లోనికి గాలి పోవుచున్నదని అర్థము. అట్టి బిడ్డను దగ్గనీయవలెను. వీపు చరచుట, తలక్రిందులుగా ఎత్తుట, నీరు పోయుట, అన్నపుముద్ద మ్రింగించుట, ఏదియు చేయరాదు. దగ్గును మించిన వైద్యుడు ఆ సమయమున లేడు. అట్లుగాక గొంతు పట్టుకొని కన్నులు తేలవేసి, ఏడుపునకు శబ్దము రాక, పెదవులు నీలమగుచున్నచో ఒక్క క్షణమును వృథా చేయరాదు. ఏడాది దాటిన బిడ్డనైనను, పెద్దవారినైనను ముందునకు వంచి, రెండు రెక్కల ఎముకల నడుమ అరచేతి మడమతో ఐదుమార్లు గట్టిగా చరచవలెను. గింజ రానిచో వెనుకనుండి రెండు చేతులను చుట్టి, బొడ్డునకు పైన, రొమ్ముఎముకకు దిగువ పిడికిలి ఉంచి, లోనికిని పైకిని ఐదుమార్లు ఒక్కుదుటున నొక్కవలెను. మరల చరచుట, మరల నొక్కుట, గింజ వెలువడువరకు ఇట్లే. ఏడాది నిండని పసికందుకు కడుపు నొక్కరాదు, కాలేయము చిట్లును. ముంజేతిపై బోర్లపెట్టి, తల క్రిందుగా ఉంచి వీపుపై ఐదు చరపులు, పిదప వెలికిలగా త్రిప్పి రొమ్ము నడుమ ఐదు నొక్కులు ఇయ్యవలెను. గర్భిణికిని కడుపుకు బదులు రొమ్ముననే నొక్కవలెను. వస్తువు నోటిలో కంటికి కనబడినపుడే వ్రేలితో తీయవలెను. కానరానిదానికై గ్రుడ్డిగా వ్రేలు పెట్టుట దానిని లోనికి త్రోయుటయే. మనిషి స్పృహ తప్పినచో నేలపై పరుండబెట్టి, రొమ్ము నడుమ నొక్కుచు 108 వారు ఫోనులో చెప్పినట్లు చేయుచుండవలెను.

ఈ కడుపు నొక్కు పద్ధతిని అమెరికా వైద్యుడు హైమ్లిక్ 1974లో ప్రకటించెను. వీపు చరచుట మాత్రము చాల పాతది. గొంతున ముద్ద తగులుకొన్నవానిని తెలియకుండ వెనుకనుండి భుజముపై పిడికిలితో కొట్టుమని సుశ్రుతసంహిత సూత్రస్థానముననే ఉన్నది. అచ్చటనే నేయియో నీరో త్రాగింపవచ్చునని కూడ ఉన్నది. ఆ రెండవ మాటను నేటి వైద్యము అంగీకరించదు.

గింజ పూర్తిగా అడ్డుపడిన బిడ్డ ఆపద అందరికిని కనబడును. కనబడని ఆపద మరియొకటి కలదు. ఇల్లిల్లునకు తెలియవలసినది అదియే. పల్లీ తినుచు బిడ్డ ఒక్కసారి ఉక్కిరిబిక్కిరియై, ముఖము ఎర్రబడి, నాలుగు నిమిషములు దగ్గి, పిదప ఊరకుండును. మరల ఆడుకొనును. ‘గింజ కడుపులోనికి దిగినది, గండము గడచినది’ అని ఇంటివారు నిట్టూర్చెదరు. నిజమునకు గింజ వాయునాళమును దాటి, ఒక ఊపిరితిత్తి కొమ్మలోనికి, తరచుగా కుడివైపునకు, దిగి కూర్చున్నది. అచ్చట మొదట దగ్గు పుట్టింపదు. ఒక దినమో ఒక వారమో మౌనముగా ఉండును. పల్లీలో నూనె కలదు. ఆ నూనె ఊపిరి గొట్టపు లోపలిపొరను రేపును, గింజ తడికి ఉబ్బును. అపుడు జ్వరము, పిల్లికూతలు, తగ్గని దగ్గు. వైద్యుడు న్యుమోనియా అనును, మందులిచ్చును, కొంత తగ్గును, మరల తిరుగబెట్టును. ఎక్స్‌రేలో పల్లీ కనబడదు, అది ఎముక కాదు లోహము కాదు. ఇట్లు నెలలు గడచిన బిడ్డలు కలరు. ఈ చిక్కును విప్పు తాళపుచెవి తల్లి నోటిలోని ఒక్క మాట: ‘ఫలానా దినమున ఏదో తినుచు ఉక్కిరిబిక్కిరియయ్యెను.’ వైద్యుడు అడుగకున్నను ఆ మాట చెప్పవలెను. అడుగని వైద్యులును కలరు.

ఇట్టి గింజను తీయుటకు గొట్టము వంటి బ్రాంకోస్కోపును మత్తు ఇచ్చి నోటిద్వారా ఊపిరిగొట్టములోనికి దింపుదురు. ఈ విద్యకు ఆద్యుడు జర్మనీ దేశమున ఫ్రైబర్గు నగరపు వైద్యుడు గుస్టావ్ కిల్లియన్. ఆయన 1897లో ఒక రైతు ఊపిరిగొట్టమునుండి పంది ఎముక ముక్కను కోత లేకుండ తీసెను. సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనిన సంవత్సరము కూడ అదియే. అమెరికా వైద్యుడు చెవాలియర్ జాక్సన్ తన జీవితకాలమున రోగుల గొంతులనుండియు ఊపిరితిత్తులనుండియు తీసిన వస్తువులు రెండు వేలకు పైగా ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ ప్రదర్శనశాలలో సొరుగులలో అమర్చియున్నవి: పిన్నీసులు, గుండీలు, నాణెములు, ఎముకలు, గింజలు. వానిలో పెక్కు పిల్లలవే. ఐదేండ్లలోపు బిడ్డకు పల్లీని పొడిచేసియో నూరియో పెట్టినచో ఆ సొరుగులతో పని లేదు.

మ్రింగిన నాణెము వేరు, గుండీ ఆకారపు బ్యాటరీ వేరు. గడియారములలోను, ఆటబొమ్మలలోను ఉండు ఆ మెరయు బిళ్ళ అన్నవాహికలో చిక్కుకొన్నచో తడి తగిలి రెండు గంటలలో కండను కాల్చి రంధ్రము చేయగలదు. ముక్కులో దూరినను అంతే. ముక్కు నడిమి గోడను తినివేయును. దీనికై తెల్లవారువరకు ఆగరాదు. మ్రింగినది ఏడాది దాటిన బిడ్డయైనచో, మ్రింగగలిగి యున్నచో, దారిలో పది నిమిషములకొకసారి రెండు చిన్న చెంచాల తేనె ఇయ్యవచ్చును. అది కాలుటను కొంత మందగింపజేయును. తేనెకై ప్రయాణము ఆపరాదు. వాంతి చేయింపరాదు.

పాలేరు జలాశయపు చేపలు రుచియైనవే గాని వాని ముండ్లు కూడ అంత గట్టివి. ముల్లు గ్రుచ్చుకొన్నపుడు అన్నపుముద్దో, అరటిపండో మ్రింగుమని పెద్దలు చెప్పుదురు. ముల్లు మెత్తనిదైనచో పోవును. గట్టిదైనచో మరింత లోతునకు దిగును. కొన్ని ముండ్లు అన్నవాహికను పొడిచి ఎదలోనికి చీము పట్టించినవి కలవు. నొప్పి మ్రింగినపుడెల్ల ఒకేచోట పొడుచుచున్నను, మెడ ఉబ్బినను, జ్వరము వచ్చినను ఖమ్మము పోవలసినదే. మాంసపుటెముక విషయమున ఎదురుచూచుట అసలే తగదు.

ఇక ముక్కు. ఎండకాలమున పిల్లల ముక్కునుండి నెత్తురు కారుట చూడని ఇల్లు లేదు. తల వెనుకకు వంచి, నెత్తిన చన్నీరు పోసి, ఉల్లిగడ్డ వాసన చూపుదురు. నెత్తురు ముందునకు రాదు గనుక ఆగినదనుకొందురు. అది లోలోపల గొంతున దిగుచుండును. కొంతసేపటికి పిల్లవాడు నల్లని నెత్తురు వాంతి చేసికొనును, అపుడు ఇల్లంతయు గగ్గోలు. కూర్చుండబెట్టి, తల కొంచెము ముందునకు వంచి, ముక్కు క్రిందిభాగపు మెత్తని రెండు ప్రక్కలను బొటనవ్రేలితోను చూపుడు వ్రేలితోను గట్టిగా అదిమి పట్టుకొని, నోటితో గాలి పీల్చుమనవలెను. పైనున్న ఎముకను పట్టుకొనిన ఫలము లేదు. నిమిషమునకొకసారి వదలి చూచినను ఫలము లేదు. పది పదునైదు నిమిషములు గడియారము చూచి పట్టుకొనవలెను. నోటిలోనికి వచ్చినదానిని ఉమియవలెను. అప్పటికిని ఆగనిచో, లేక రక్తపుపోటు ఉన్న వృద్ధులకైనచో, గుండెజబ్బునకై నెత్తురు పలుచబరచు బిళ్ళలు వాడువారికైనచో, అదిమిపట్టియే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. పెద్దవయసువారికి ముక్కు వెనుకభాగమునుండి వచ్చు నెత్తురు ఇంట ఆగునది కాదు.

కబడ్డీలోనో, బండిపై నుండి పడియో ముక్కునకు దెబ్బ తగిలిన పిల్లవానికి నెత్తురు ఆగినది గదా అని ఊరకుండరాదు. ఒకటి రెండు దినములలో రెండు ముక్కుపుటములును మూసికొనిపోయి, నొప్పి హెచ్చినచో, నడిమిగోడలో నెత్తురు గడ్డకట్టినదన్నమాట. వైద్యుడు వెంటనే దానిని తీయనిచో లోని మృదులాస్థి చచ్చి ముక్కుదూలము జీవితాంతము కుంగియుండును. తలకు దెబ్బ తగిలి ముక్కునుండిగాని చెవినుండిగాని నీరు వంటి ద్రవము కారుచున్నచో దానికి దూది క్రుక్కరాదు. మెదడు చుట్టునున్న నీరు కావచ్చును.

పిల్లవాని ఒక్క ముక్కుపుటమునుండి మాత్రమే దుర్గంధముతో చీమిడి కారుచుండుట జలుబు కాదు. లోన పూసయో స్పంజి ముక్కయో గింజయో ఉన్నది. గింజయో పూసయో దూరినదని అప్పటికప్పుడు తెలిసినచో ఒక సులువైన ఉపాయము కలదు. తల్లి బిడ్డ నోటిపై తన నోటిని చక్కగా అదిమి, బాగుగనున్న ముక్కుపుటమును వ్రేలితో మూసి, ఒక్కసారి గాలి ఊదినచో పెక్కుసార్లు వస్తువు బయటికి దూకును. పుల్లతో కదలించుటకంటె ఇది మేలు. రానిచో వైద్యునికే వదలవలెను. అడవివాగులలో చేతితోనో నేరుగా నోటితోనో నీరు త్రాగువారికి ముక్కులో జలగ పట్టుట కలదు. రోజూ కొంచెము కొంచెముగా నెత్తురు, లోన ఏదో కదలుచున్నట్లు తోచుట దాని గుర్తులు. సగము తెంపినచో ముఖభాగము లోననే ఉండిపోవును. ముక్కులో ఈగ గ్రుడ్లు పెట్టి పురుగులు పడిన ముసలివారిని చూచి అసహ్యించుకొనువారు కలరు. అది పాపఫలము కాదు, చికిత్స ఉన్న వ్యాధి. ఆలసించినచో పురుగులు ముఖమును తొలుచును.

అడవి మాట వచ్చినది గనుక ఎలుగుబంటిని గూర్చియు చెప్పవలెను. కిన్నెరసాని పరిసరములలోను, భద్రాచలము అడవులలోను ఇప్పపూవు రాలు దినములలో తెల్లవారుజామున ఏరుటకు పోవు కోయ స్త్రీలకును, తునికాకు కోయువారికిని ఆ పూవు ఎలుగునకు కూడ ఇష్టమని తెలియనిది కాదు. ఎలుగు వెనుకకాళ్ళపై లేచి తలను, ముఖమును పట్టును. అట్లు గాయపడినవానిని వెలికిల పరుండబెట్టుట పెద్ద పొరపాటు. నెత్తురును, ఊడిన దంతములును గొంతులోనికి జారి ఊపిరి ఆగును. కూర్చుండగలిగినచో ముందునకు వంగి కూర్చుండనీయవలెను, లేనిచో ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెను. నోటిలోని గడ్డలను కనబడినంతవరకు తీయవలెను. గాయమును శుభ్రమైన నీటితో కడిగి, శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టవలెను. వ్రేలాడుచున్న చర్మమును కోసివేయరాదు. ముఖమున నెత్తురు పారుదల హెచ్చు గనుక, చచ్చినదనుకొన్న ముక్క కూడ కుట్టిన పిదప అతుకును. తెగిపడిన చెవి, ముక్కు ముక్కలను తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్కు సంచిలో ఉంచి, ఆ సంచిని మంచుపై ఉంచి తేవలెను; నేరుగా మంచులో వేయరాదు. పసరు, బూడిద, సున్నము గాయమున నింపరాదు. కుట్లతోపాటు ధనుర్వాతపు సూదియు, పిచ్చికుక్క కాటునకిచ్చు మందులును ఈ గాయమునకు కావలెను. ఊడిపడిన శాశ్వత దంతమును వేరు ముట్టకుండ పట్టుకొని పాలలో వేసి గంటలోపల దంతవైద్యునికి చేర్చినచో మరల నిలుచును.

చెవిని గూర్చి కొంత తక్కువగా చెప్పినను సరిపోవును, ఏలయన చెవికి చేయవలసినదానికంటె చేయరానిదే హెచ్చు. పురుగు దూరి గిలగిల కొట్టుకొనునపుడు గోరువెచ్చని కొబ్బరినూనె నాలుగు చుక్కలు పోసిన అది చచ్చును, బాధ తగ్గును. చెవి కారుచుండినవారికి, కర్ణభేరికి రంధ్రమున్నవారికి ఇదియు కూడదు. గింజ దూరినచోట నీరు పోయరాదు. పిన్నీసు, అగ్గిపుల్ల, కోడియీక, ఇవి చెవిలో మలినమును లోనికి దట్టించును గాని తీయవు. చెంపదెబ్బకు కర్ణభేరి చిరిగినచో చుక్కల మందులేవియు వేయక పొడిగా ఉంచిన చాలు, చాలవరకు తనంతట అదియే మానును.

ఏండ్ల తరబడి చెవి కారుచుండుట పల్లెలలో ఎవ్వరును లెక్కచేయరు. చెవి మెదడునకు పొరుగిల్లు. ఆ పాత చీము చెవినుండి ఎపుడు గోడ దాటునో చెప్పజాలము. చెవి వెనుక ఎముక ఎర్రబడి ఉబ్బి చెవి ముందునకు నెట్టబడినను, కారుచున్న చెవితోపాటు తీవ్రమైన తలనొప్పి, వాంతులు, తల తిరుగుడు, మూతి వంకరపోవుట, మగత కనబడినను అదే దినమున పెద్దాసుపత్రికి చేర్చవలెను. అట్టివానికి ఇంట వెల్లుల్లి నూనె కాచుచు కూర్చుండుట ప్రాణముతో చెలగాటము.

గొంతు వ్యాధులలో ఊపిరిని మూయునవి వేరు, ఒట్టి నొప్పి వేరు. నొప్పితో తిండి తినలేని బిడ్డకు భయము తక్కువ. చొంగ మ్రింగలేక కార్చుకొనుచు, మెడ చాచి ముందునకు వంగి కూర్చుండి, గాలి పీల్చునపుడెల్ల గొంతులో కీచుమను శబ్దము చేయుచు, డొక్కలు లోనికి పోవుచున్న బిడ్డకు గంటలే వ్యవధి. ఆ బిడ్డను పరుండబెట్టరాదు, ఏడ్పింపరాదు, చెంచాతో నాలుక నొక్కి చూడరాదు. కొండనాలుక జారినదని ఉప్పు అద్దిన బొటనవ్రేలితో అంగిలి నొక్కు ఆచారము అపుడు బిడ్డను చంపగలదు.

కంఠసర్పియందు గొంతులో బూడిదరంగు పొర పెరుగును, మెడ ఎద్దుమెడవలె ఉబ్బును. దాని విషమునకు విరుగుడు రసిని కనుగొనినందుకే జర్మనీ వైద్యుడు బేరింగునకు 1901లో వైద్యమున మొట్టమొదటి నోబెలు బహుమానము లభించెను. ఇంతకాలమైనను ఈ వ్యాధి పోలేదు. హైదరాబాదులో నల్లకుంట జ్వరాసుపత్రి నేటికిని ఈ రోగులను చేర్చుకొనుచున్నది. ఆరు, పది, పదునాలుగు వారములలో సూదులు వేయించి, ఏడాదిన్నరకును, ఐదేండ్లకును వేయవలసిన బలపు మోతాదులను మరచు తల్లిదండ్రులే ఎక్కువ. పది, పదునారు ఏండ్ల పిల్లలకును ఈ సూది ఉన్నదని పాఠశాలకు పంపు తండ్రులలో ఎందరికి తెలియును?

పెద్దలలో పుచ్చిన క్రిందిదవడ పన్ను చీము గడ్డము క్రిందికి దిగి, నేల గట్టిపడినట్లు ఉబ్బి, నాలుకను పైకెత్తి, నోటిలో ముద్ద ఉంచుకొని మాటాడినట్లు మాట మారినచో రాత్రికి రాత్రి ఊపిరి మూయవచ్చును. పసుపు సున్నము పట్టు దానికి చాలదు. కల్లు ముంతలో పడిన తేనెటీగ నోట కుట్టినపుడును నాలుక వాపు ఇట్లే వేగముగా వచ్చును. మంచుగడ్డ చప్పరింపజేయుచు 108ని పిలువవలెను.

ముఖపు వాపును జనము తేలికగా చూచుట 2021లో చాలమందికి ప్రాణము తీసినది. ఆ యేటి మే మాసమున, కరోనా రెండవ విజృంభణ నడుమ, తెలంగాణ ప్రభుత్వము బ్లాక్ ఫంగస్ వ్యాధిని తెలియజేయవలసిన వ్యాధిగా ప్రకటించి, కోఠి చెవి ముక్కు గొంతు ఆసుపత్రిని దాని చికిత్సకు ముఖ్య కేంద్రముగా చేసెను. చక్కెర అదుపులో లేక, స్టిరాయిడ్లు అధికముగా వాడినవారిలో గాలిలోని బూజు ముక్కున నాటుకొని చెక్కిలి ఎముకను, కంటిని, పిదప మెదడును తినును. కరోనా తగ్గినను చక్కెర వ్యాధి తగ్గలేదు గనుక ఆ బూజు నేటికిని ఉన్నది. చక్కెర వ్యాధి ఉన్నవారికి ఒక ప్రక్క చెక్కిలి మొద్దుబారుట, పైపండ్లు కదలుట, కన్ను ఉబ్బుట, ముక్కున నల్లని చెక్కులు, అంగిలిపై నల్లమచ్చ, వీనిలో ఏదైనను ఒక్క దినమును ఆగదగినది కాదు. ముక్కు చుట్టునున్న కురుపును గిల్లుటయు మంచిది కాదు. అచ్చటి రక్తనాళములు నేరుగా మెదడు దారిని పట్టును.

మూతి వంకరపోయినచో గాలి సోకినదని మంత్రము వేయింతురు. కన్ను మూయలేనిచో అది ముఖనరపు జబ్బు కావచ్చును. మూడు దినములలోపల మందు మొదలిడిన బాగుపడును. నుదురు ముడతలు పడుచు, చేయి కాలు పడిపోయి, మాట తడబడినచో మెదడున రక్తనాళము మూసికొన్నది. దానికి నాలుగున్నర గంటలలోపలనే మందు. ఈ భేదము తేల్చుట ఇంటివారి పని కాదు; రెండింటికిని వెంటనే పోవలసినదే. నిదురలేచునప్పటికి ఒక చెవి హఠాత్తుగా వినబడకపోవుటయు ఇట్టిదే. గుబిలి అడ్డుపడినదని నెల ఆగువారు కలరు. నరమునకు దెబ్బ తగిలినదైనచో మొదటి కొద్ది దినములే చికిత్సకు అనువైనవి.

ఆసుపత్రికి బయలుదేరునపుడు మత్తు ఇయ్యవలసివచ్చునేమో గనుక, పైన చెప్పిన తేనె తప్ప, రోగికి దారిలో అన్నముగాని పాలుగాని పెట్టరాదు. మ్రింగినదో దూరినదో అయిన వస్తువుతో పోలిన మరియొకటి ఇంటనున్నచో వెంట తీసికొనిపోవలెను. బ్యాటరీయైనచో దాని పెట్టెను, మందుబిళ్ళలైనచో వాని చీటీని. ఎన్నిగంటలకు జరిగినదో ఒక కాగితముపై వ్రాసికొనవలెను. ఆందోళనలో అదే మొదట మరచునది, వైద్యుడు మొదట అడుగునదియు అదే.